చేయి తగులని నారు

చేయి తగులలేదు గదా, పుల్లయే కదా తగిలినది, పుల్లకు దోషమేమి యని నాంచారి తలపు తిరిగి తిరిగి మొదటి చోటికే వచ్చి నిలిచెను. వెలుపల పుష్యమాసపు వేకువ. మదనపల్లెకు పడమటనున్న గుట్టల నడుమ దిగిన మంచు పల్లమునెల్ల నింపి రేగుపొదల కొనలను మాత్రము పైకి తేల్చి కంచెకంచెకు సాలెగూళ్ళయందు నీటిపూసలు గ్రుచ్చి కోళ్ళు సైతము కూయుటకు బద్ధకించునంతటి చలితో నూరిని కప్పియుండెను. లోపల వంటయింట పాలకుండ క్రింద పిడకల దాలి రేయింబవళ్ళు ఆరని సన్నని సెగతో గోడను వెచ్చబెట్టుచుండ ఆ గోడవారగా వరుసదీర్చిన కొబ్బరిచిప్పల యెదుట నామె మోకాళ్ళపై వంగి ఊపిరి సైతము మట్టికి సోకనీక చూచుచుండెను.

ఆ చిప్పలలో నున్నవి టమాటా గింజలును మిరపగింజలును. వానితోపాటు అందు నాంచారి చేతిని గూర్చిన తీర్పు కూడ పాతిపెట్టబడి యుండెను.

నారు పోయుటకు చేతివాసి గల యాడుదానిని పిలుచుట ఆ యూరి యాచారము. గురవమ్మ చేయి మంచిదని ప్రతీతి. ఏటేట నెల్లరి నారుమళ్ళలోను తొలి పిడికెడు గింజలు ఆమెయే చల్లి తాంబూలము గైకొనును. నాంచారియో, పెండ్లియైన యేటికే పెనిమిటిని పోగొట్టుకొని యన్నయింటికి తిరిగివచ్చిన క్రొత్తలో నొకసారి యుబలాటపడి మిరపనారు పోసెను. అది కుళ్ళిపోయెను. నాడు వదినె కదిరమ్మ గద్దింపలేదు, తిట్టలేదు. "ఇంక నువ్వు ముట్టుకోవద్దులే మే" అని మెల్లగా ననెను. కోపముతో ననిన మాటకు కోపముతో బదులు చెప్పవచ్చును. జాలితో ననిన మాట లోపలికి దిగి కాపురముండును. నాటినుండి నాంచారి పాలు పిదికెను, వండెను, కలుపు తీసెను. విత్తనపు చాట కనబడినంతనే మాత్రము చేతులు కొంగుచాటున దాచుకొనెను. అట్లు దాచుకొమ్మని యామెతో నెవ్వరును అనలేదు.

ఈ యేడు మార్గశిరమున గురవమ్మ చల్లిన నారు సైతము అకాలపు జల్లులకు మొదలు మెత్తబడి మడికి మడియే నేల వ్రాలెను. "చలికి పోయింది, పాపం" అని యూరెల్ల ననెను. ఆ మాట చెవిని బడగానే మజ్జిగ చిలుకుచున్న నాంచారి చేతిలో కవ్వము నిలిచిపోయెను. గురవమ్మ నారు చచ్చిన తప్పు చలిది. తన నారు చచ్చిన తప్పు చేతిది! ఈ న్యాయమును తాను గూడ నిన్నేండ్లు తలయూచి యొప్పుకొనుచు వచ్చినదా?

అన్న సిద్దప్ప బజారు నారు తెత్తమనెను. కాని ఆ గుట్టక్రింది గులకనేలలో బజారు మొక్క కాపుకు రాకమునుపే వాడిపోవుట యిల్లెల్ల నెరిగినదే. అక్కడ బ్రతుకనేర్చినవి తాతలనాటి పుల్లని గుండు టమాటాయు, పొట్టి కారపు మిరపయు మాత్రమే. వాని విత్తనమున మిగిలినది బూడిదలో పొరలించి దేవునిగూటిలో దాచిన చిటికెడును, పొయ్యిపైన పొగచూరిన యొక మిరపతోరణమును. అవియు మొలవకున్న ఆ వంశము ఆ యింట నంతటితో ముగియును. అట్టి దానిని నాంచారి యెవ్వరితోడను చెప్పక తీసికొనెను. తీసికొన్నదే కాని ముట్టుటకు చేయి రాలేదు. గింజలను తమలపాకు మడతలోనికి దులిపి, మాగిన పెంటయు జల్లించిన చెరువుమట్టియు నింపిన చిప్పలలోనికి వేపపుల్లతో నొక్కొక్కటిగా నెట్టెను. నీరు సైతము తడిగుడ్డ కొననుండి బొట్లుబొట్లుగా జారవిడిచెను. తన చేతికిని ఆ ప్రాణములకును నడుమ నొక పుల్ల యంత దూరము నిలుపుటయే తాను చేయగల మేలని యామె నమ్మెను.

ఇప్పుడా వేకువ, ఒక చిప్పలో మట్టి పగిలెను. పగులునుండి తెల్లని మెడయొకటి వంగి, గింజపొట్టును టోపీవలె ధరించి, నిద్రలేచిన పసిబిడ్డవలె వెలికివచ్చెను. దాని ప్రక్క నింకొకటి. సాయంకాలమునకు టమాటా చిప్పలన్నియు మొలకలతో నిండెను. మిరప ఆలసించి యామెను మరికొన్ని దినములు వేధించి యొకనాడు చెప్పాపెట్టక వచ్చెను.

మొలకలు కిటికీవైపు పాలిపోయిన మెడలు చాచుట చూచి, ప్రతిదినమును చిప్పలను మరలించెను. మొదట అన్నము ఉడుకునంత సేపు, పిమ్మట నెండ వాలువరకు పెరటిలో నుంచి గాలికి వెరవకుండ వానిని పెంచెను. ఆ పెరటిలోనే కదిరమ్మ వానిని కనుగొనెను.

"ఎవురు మే పోసింది యీ నారు?"

"నేనే వదినా." నాంచారి తల యెత్తలేదు. "చెయ్యి తగల్లేదు. ఆకులో పోసుకొని, పుల్లతో నెట్టినా."

కదిరమ్మ చిప్పలను చూచెను. ఆడుబిడ్డను చూచెను. పిమ్మట పొట్ట పట్టుకొని నవ్వెను.

"అట్లనా! మరి పుల్లని యెవురు పట్టుకున్నారు మే? మీ యన్నా?"

నాంచారికి మొదట ముఖము భగ్గుమనెను. కాని యా ప్రశ్న చెవినుండి లోనికి దిగుకొలది యేండ్లుగా నామె కట్టుకొనిన గోడలో నొక రాయి కదలెను. పుల్ల నెవరు పట్టుకొనిరి? నిజమే, ఎవరు? ఆమెకును నవ్వు వచ్చెను. వదినెయు నాడుబిడ్డయు చిప్పల నడుమ కూలబడి కన్నీరు వచ్చువరకు నవ్విరి.

కన్నులు తుడుచుకొని కదిరమ్మ యనెను: "నవ్వినా గానీ, నాటేది మాత్రం గురవమ్మత్తే. ఇంటి యిత్తనం మే. దాంతో మనకి పరీచ్చలొద్దు."

నాంచారి నవ్వు ఆగిపోయెను.

మాఘమున చలి వెనుదిరిగెను. కానుగలు చిగిర్చెను, గుట్టలమీద మంచు విడి యెండ బంగారునీరువలె జారెను. సిద్దప్ప కాలువలు దిద్ది నీరు పెట్టిన చేనిలోనికి నారుచిప్పలు గంపలలో వచ్చెను. పచ్చని దిట్టమైన కాడలతో నిటారుగా నిలిచిన యా నారును చూచుటకు గట్టుపై నిరుగుపొరుగువారు గుమిగూడిరి. గురవమ్మ తాంబూలము గైకొని వక్క నములుచు మొదటి చిప్పలోని మొక్కను మెడ పట్టి లాగబోయెను.

"ఆగత్తా!" అని నాంచారి కేక వేసెను. ఆ కేక తనదేయని యామెకు వెంటనే తెలియలేదు. "అట్ల పీకితే వేర్లు తెగతాయి. ఒకదాంట్లో ఒకటి పెనేసుకోనుండాయి."

గురవమ్మ కనుబొమ్మ లెగరవైచెను. "నువ్వు పుట్టకముందునించీ నాటతాండా. నాకే చెప్తాండావా?"

"ఈటిని పోసినప్పట్నించీ చూస్తాండా నేను. ఇట్లియ్యి."

గురవమ్మ యొక క్షణము నాంచారి ముఖమును పరికించి, వక్క నుమిసి, చిప్పను చాచెను. "ఇందా. తీ, చూస్తాం."

నాంచారి కాలువగట్టున కూర్చుండెను. నడుమున చెక్కుకొన్న వేపపుల్లను తీసెను. నిన్నటివరకు నది యామెకు రక్ష. ఇప్పుడు చూడగా నది వట్టి పుల్ల. అంత నునుపుగా నరిగినది. ఎవరి వ్రేళ్ళ రాపిడికి నరిగినదో దానిపై నచ్చుపడియే యున్నది. ఈ మొక్కలు దప్పిగొన్నపుడు మేలుకొన్నదెవరు? కిటికీ వెలుగునకు త్రిప్పినదెవరు? తన చేయి వీనిని తాకని దినమేదియు లేదు.

ఆమె పుల్లను కాలువలోనికి విడిచెను. నీరు దానిని త్రిప్పి త్రిప్పి కొనిపోయెను.

పిమ్మట నాంచారి తడిమట్టిలోనికి వ్రేళ్ళు దించి, పెనవైచుకొనిన వేర్లను మెల్లగా విడదీసి, మొదటి టమాటా మొక్కను అరచేతిలోనికి తీసికొని, అందరును చూచుచుండ నెఱ్ఱని నేలలో నిలిపి, దాని మొదట చుట్టును తన చేతితోనే గట్టిగా నొక్కెను.