నూనె నానేదాకా

వేడి గుడ్డ తలుపు మీద అదమగానే పాత జిగురు వాసన లేచింది.

పుల్లగా... కొంచెం కాలిన కాగితంలా...

పెద్దోడు ముఖం తిప్పుకోలేదు. గుడ్డ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. తను నడిపే రొట్టెల వ్యాను తలుపు. నీలం రంగు. దాని మీద తమ్ముడు.

పైన పెద్ద అక్షరాల్లో — కనబడుటలేదు. కింద ఫొటో, ఫోను నంబరు, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ అని ఒక ముక్క.

చిన్నోడు ఒకరోజు పనికని వెళ్లాడు. సాయంత్రం రాలేదు. ఆ తర్వాత ఏ సాయంత్రమూ రాలేదు.

అప్పటి నుంచీ వ్యాను ఎన్ని ఊళ్లు తిరిగితే చిన్నోడూ అన్ని ఊళ్లు తిరిగాడు. కనబడని మనిషి ఊరూరా కనబడ్డాడు.

నిన్న ఫోను వచ్చింది. పొరుగూరి ఆసుపత్రి క్యాంటీన్లో వంటాయన. పొద్దున్నే రొట్టెలు దించుకుంటూ ఆ తలుపు రోజూ చదివినవాడు. వార్డులో ఎవరికో పాలు తాగించబోయి, చెవి వెనక మచ్చ చూశాడట.

"నీ తమ్ముడేమో బాబూ... ఓసారి వచ్చి చూసుకో. తొందరేం లేదు," అన్నాడు.

తొందరేం లేదు అన్న మాట దగ్గరే పెద్దోడికి అర్థమైపోయింది.

వెళ్లి చూశాడు. చల్లటి గది. తెల్ల గుడ్డ. జుట్టు సగం నెరిసింది. ఫొటోలో ముఖానికీ ఈ ముఖానికీ పోలికే లేదు. మచ్చ మాత్రం అదే.

నోటీసు పనిచేసింది. ఆలస్యంగా పనిచేసింది.

ఆసుపత్రి బండిలో పంపిస్తామన్నారు. వద్దన్నాడు. నా తమ్ముణ్ని నేనే తెచ్చుకుంటానన్నాడు. ఇల్లు చేరేసరికి అమ్మ పడుకుంది. లేపబుద్ధి కాలేదు.

తెల్లవారగానే ట్రేలన్నీ దించాడు. వ్యాను వెనక భాగం కడిగాడు. పరుపు వేశాడు. పరుపు మీద ఉతికిన దుప్పటి. వెనక తలుపులు మూసి ముందుకు వచ్చేసరికి — ఈ కాగితం.

దొరికిన మనిషిని, కనబడుటలేదు అని రాసిన బండిలో ఎలా తెస్తాడు?

అందుకే ఈ వేడి గుడ్డ. అందుకే ఈ గిన్నెడు నూనె.

అమ్మ లేచేలోపు తలుపు శుభ్రం కావాలి. అమ్మ లేచాక నోరు విప్పాలి. రెంటిలో మొదటిదే తేలిక.

ముందు దుమ్ము కడిగాడు. ఇసుక రేణువు ఒక్కటున్నా గుడ్డ కింద చేరి రంగును గీరేస్తుంది. కాగితం అంచు వేడికి మెత్తబడ్డాక గోటితో లేపాడు. గుంజలేదు. తలుపుకు దగ్గరగా వంచి, వాలుగా, మెల్లగా లాగాడు.

కాగితం కింద ఇంకో కాగితం. దాని కింద ఇంకోటి.

అన్నింటిలో అదే ఫొటో. అదే చొక్కా. అన్నింటిలోనూ చెంప చెరిగిపోయి ఉంది — ఎండకు కాదు. రోజూ వ్యాను కదిలే ముందు అమ్మ వచ్చి ఆ ముఖం కొంగుతో తుడిచేది. తుడిచీ తుడిచీ చెంప తెల్లబడేది. పెద్దోడు కొత్త కాగితం అంటించేవాడు. అమ్మ మళ్లీ తుడిచేది.

"నువ్విలా రుద్దితే వాడు మిగలడమ్మా," అన్నాడొకసారి, నవ్వుతూ.

"ముఖం తుడవబోతే మీ ఇద్దరికీ ఎప్పుడూ ఏడుపే," అంది అమ్మ.

కాగితాలు వచ్చేశాయి. జిగురు రాలేదు.

పసుపుపచ్చగా, మొండిగా... వేలు పెడితే వేలినే పట్టుకుంది.

బ్లేడు పెడితే చిటికెలో పని. థిన్నర్ పోస్తే ఇంకా తొందర. కానీ ఈ తలుపుకు ఒకసారి సొట్ట తీయించి మళ్లీ రంగు వేయించారు. అలాంటి రంగు థిన్నర్ తగిలితే జిగురుతో పాటే ఊడి వస్తుంది. పెయింటరు అప్పుడే చెప్పాడు.

"జిగురుతో కొట్లాడకు అన్నా. నూనె పట్టించి వదిలెయ్. నానితే అదే వదులుతుంది. బతిమాలాలంతే."

పెద్దోడు బతిమాలాడు.

తలుపు అడుగున, ఎవరికీ కనబడని మూల ఒక చుక్క రాసి చూశాడు. రంగు చెక్కుచెదరలేదు. అప్పుడు జిగురంతా నూనెతో తడిపాడు. పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

నూనె నానేదాకా చేతికి పని లేదు.

ఎలా చెప్పాలి... మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాలా... పక్కింటి పిన్నిని పిలిచి చెప్పాలా... ఒక్కసారే చెప్పేస్తే బ్లేడు పెట్టినట్టే. ఏ నూనె రాస్తే అమ్మ ఆశ మెత్తగా ఊడి వస్తుంది? ఏ మూల ఒక చుక్క వేసి చూడాలి?

పెద్దోడికి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు చూస్తే అమ్మ పసిగట్టేస్తుందని దిగమింగుకున్నాడు.

మెత్తటి గుడ్డతో తుడిచాడు. జిగురు ఉండలు కట్టింది. ఉండలు రాలాయి. మళ్లీ నూనె... మళ్లీ ఆగడం... మళ్లీ తుడవడం. చివరికి సబ్బునీళ్లు, పొడిగుడ్డ.

తలుపు నీలంగా, నున్నగా ఉంది. ఎవరి కోసమూ వెతకని బండి తలుపులా ఉంది.

వెనక చెప్పుల చప్పుడైంది.

అమ్మ. కొంగు అప్పటికే చేతిలో ఉంది. అలవాటుగా తలుపు దగ్గరకు వచ్చింది. చెయ్యి ఎత్తింది.

చెయ్యి ఆగింది.

పొద్దుట్నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ పెద్దోడి నోట్లోంచి ఎటో పోయాయి.

"దొరికాడమ్మా," అన్నాడు.

అమ్మ అతని ముఖం చూడలేదు. ఖాళీ తలుపునే చూసింది. తర్వాత ఆ ఖాళీని ఒకసారి కొంగుతో తుడిచింది.

"తీసుకురావడానికేనా వెళ్తున్నావు?"

"ఆఁ..."

"నేనూ వస్తా."

"అమ్మా... ముందు రెండే సీట్లు..."

"తెలుసులేరా. వాణ్ని ముందు కూర్చోబెట్టు. వాడివి పొడుగు కాళ్లు, వెనక ముడుచుకోలేడు. నేను వెనక కూర్చుంటా."

అని, అతను నోరు తెరిచేలోపే, వ్యాను పక్కన చెయ్యి ఆనించుకుంటూ వెనక్కి నడిచింది.

వెనక పరిచిన పరుపు, దుప్పటి పెద్దోడికి అప్పుడు గుర్తొచ్చాయి. వద్దమ్మా అనాలి.

వెనక తలుపు పిడి తిరిగింది...