డ్యూటీ చార్టులో లేని గంటలు

బ్రిసేదాకు మూడు రోజుల శిక్ష పడ్డ ఉదయం నయేలి కడుపు చల్లబడింది. ఈ మాట చెప్పడం నాకేం సరదా కాదు. కానీ ఇది దాచి మిగతా కథ చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

హలాపా నగరంలోని పెద్దాసుపత్రి, జనరల్ మెడిసిన్ వార్డు. ఉదయం ఏడింటికి డ్యూటీ అప్పగింత. పందొమ్మిది మంది రెసిడెంట్ డాక్టర్లు గోడవారగా నిలబడ్డారు. వాళ్ల శిక్షణ చూసే డాక్టర్ అర్రియాగా ఒక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మూడో సంవత్సరం బ్రిసేదా తన రోగుల సంగతి గడగడా ఒప్పజెబుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. ఆ ఊపుడు చూస్తే నయేలికి ఒంటికి కారం రాసినట్టుంటుంది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. మెడ నరంలోకి గొట్టం వేయాలంటే బ్రిసేదాకే పిలుపు. చిక్కు కేసు వస్తే బ్రిసేదాకే. వచ్చే ఏడు చీఫ్ రెసిడెంటు కూడా ఆమేనని వార్డు ఊడ్చేవాళ్లు సైతం చెప్పుకుంటున్నారు.

"నాలుగో మంచం పొటాషియం ఎంతో చెప్పలేదే?" అంది నయేలి. ఆమెనెవరూ అడగలేదు.

బ్రిసేదా కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. రక్తం తీయడమే మరిచిపోయింది.

"మూడు రోజులు," అన్నాడు అర్రియాగా, కప్పు దించకుండానే.

మూడు రోజులంటే ఇంటి మొహం చూడకుండా, సొంత డ్యూటీ అయిపోయినా కదలకుండా, వార్డులోనే పడి పనిచేయడం. డ్యూటీ చార్టులో ఆ గంటలు ఉండవు. శిక్షలో ఉన్నవాళ్లు ఏం రాసినా దాని కింద పడే ముద్ర ఆ పూట చార్టులో ఉన్నవాళ్లది. నాలుగో ఏడువాళ్లు మూడో ఏడువాళ్లకు వేస్తారు, వాళ్లు రెండో ఏడువాళ్లకు, వాళ్లు మొదటి ఏడువాళ్లకు. మంచి డాక్టర్లు ఇలాగే తయారవుతారట! ఆ మాట అనేవాళ్లెవరూ అలాంటి డాక్టరు చేతిలో తమ తల్లిని పెట్టరు.

మూడో రోజు మధ్యాహ్నం బ్రిసేదా పది యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాల్సినచోట వంద ఇచ్చింది. రోగి ఎవరిస్తో, అందరూ గౌరవంగా డాన్ అని పిలిచే చెరకు కొట్టే కూలీ. చెమటలు పట్టి, కళ్లు తేలేస్తుంటే మొదటి ఏడు కుర్రడాక్టరు ఫిదెన్సియో చూసి పరిగెత్తుకొచ్చి గ్లూకోజు ఎక్కించాడు. మనిషి బతికాడు. బ్రిసేదా మాత్రం సిరంజి వంకే చూస్తూ కూలబడింది.

సాయంత్రం అర్రియాగా నయేలిని గదికి పిలిచాడు. టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. ఆ రోజు బ్రిసేదాకు డ్యూటీ లేదనీ, తనంతట తానే వార్డులోకొచ్చి మందు ఇచ్చిందనీ అందులో ఉంది.

"చార్టులో ఉన్నది నువ్వు. ముద్ర నీది. దీని మీద సంతకం పెట్టకపోతే తప్పూ నీదే," అన్నాడు. "పెట్టావనుకో, ఆ పిల్ల ఇంటికి పోతుంది. చీఫ్ రెసిడెంటువి నువ్వవుతావు. రేపు అప్పగింతకి పట్టుకురా."

మూడేళ్లుగా నయేలి వినాలనుకున్న మాట అదే. కాగితం జేబులో పెట్టుకుని వరండాలో నడుస్తుంటే కాళ్లు తేలిపోతున్నాయి. సిగ్గు కూడా వేసింది. సంతోషమే ఎక్కువ.

రెసిడెంట్ల గదిలో అప్పటికే గొడవ నడుస్తోంది. పందొమ్మిది మందికి రెండు మంచాలు. ఒకదాని మీద బ్రిసేదా బూట్లతోనే నిద్రపోతోంది.

"రేపట్నుంచి శిక్షలు చెయ్యం. అంతే!" అంటున్నాడు ఫిదెన్సియో.

"ఓహో, దొరగారు చెయ్యరట!" నాలుగో ఏడు గిల్దార్దో ఎగిరిపడ్డాడు. "మేం చెయ్యలేదా? మొదటి ఏడు నేను ఐదు రోజులు చేశాను. మా నాన్న పోయిన వారం. చచ్చానా?"

"నువ్వు చావలేదు, సంతోషం. మేం ఇంటికెళ్లి పడుకుంటే నీకెందుకన్నా కడుపుమంట?"

గిల్దార్దో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అవున్రా, కడుపుమంటే," అన్నాడు చివరికి. "నేను పడ్డది మీరు పడకుండా తప్పించుకుంటుంటే నాకు మండదా?"

నయేలికి ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే ఉంది. అర్రియాగా ఏ రోజూ కాపలా ఉండలేదు. ఒకరినొకరు కాపలా కాసింది తామే! ఆమె జేబులోంచి కాగితం తీసి బల్లమీద పడేసింది.

"చదవండి. పొటాషియం సంగతి నేనెందుకెత్తానో తెలుసా? రోగి కోసం కాదు. దీని మీద కుళ్లుతో."

"తెలుసే," అంది బ్రిసేదా. ఎప్పుడు లేచిందో, కళ్లు తెరవకుండానే అంది. "నేను మాత్రం తక్కువ తిన్నానా? నిరుడు నువ్వు ఎక్స్‌రే తారుమారు చేశావని ఆయన చెవిన వేసింది నేనే."

"నువ్వా! నాలుగు రోజులు చేశానే దానికి! ఒసేయ్, నిన్నూ..."

"తర్వాత కొట్టుకుందురు గానీ," ఫిదెన్సియో మధ్యలోకి వచ్చాడు. "మీరు ఇలా కొట్టుకుంటుంటేనే ఆయన కూర్చుని కాఫీ తాగుతున్నాడు."

బ్రిసేదా నవ్వబోయి ఏడ్చింది. ఆ సాయంత్రం కాగితం వెనకవైపు అందరూ పేరు రాసి, పక్కనే ఆ నెలలో తాము చేసిన చార్టులో లేని గంటలు రాశారు. సంతకాలన్నీ అయ్యాక పెన్ను గిల్దార్దో చేతిలో మిగిలింది. అతనూ తన గంటలు రాశాడు. కింద, తాను ఎవరెవరికి శిక్ష వేశాడో ఆ పేర్లూ రాశాడు.

మర్నాడు ఏడింటికి అప్పగింత. అర్రియాగా చేయి చాచాడు. నయేలి కాగితం ఇచ్చి పైకి చెప్పింది.

"నయేలి. ఈ నెల చార్టులో లేనివి నలభై గంటలు."

"బ్రిసేదా. డెబ్బై రెండు."

"ఫిదెన్సియో. నూట పది."

గోడ ఆ చివరిదాకా ఒక్కొక్కరూ చెప్పారు. అర్రియాగా మొహం కందగడ్డయింది. నయేలికీ బ్రిసేదాకూ వేలు చూపించాడు. "మీరిద్దరూ బయటికి! ఇవాళ్టితో మీ శిక్షణ రద్దు. మిగతావాళ్లకి తలా ఐదు రోజులు!"

"ఐదు రోజులా?" ఫిదెన్సియో పెన్ను ఆయన ముందు పెట్టాడు. "అలాగే డాక్టర్ గారూ. చార్టులో రాసివ్వండి."

అర్రియాగా పెన్ను ముట్టలేదు. ముట్టడని అందరికీ తెలుసు. చార్టులో పేరున్న ఐదుగురు రోగుల దగ్గరికి వెళ్లారు. మిగతా పద్నాలుగు మంది తెల్లకోట్లతోనే గేటు ముందుకొచ్చి నిలబడ్డారు.

గేటు దగ్గర రోగుల బంధువులు మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలెలు తింటున్నారు. డాన్ ఎవరిస్తో భార్య తోమాసా లేచి వచ్చింది. "నా మొగుణ్ణి చంపబోయింది నువ్వేనా?" అంది బ్రిసేదాతో.

"నేనేనమ్మా. అప్పటికి యాభై గంటలు దాటింది నేను పడుకుని."

తోమాసా ఆమెను ఎగాదిగా చూసింది. "గాడిదకైనా బరువు దించి నీళ్లు పెడతామే! నిన్ను కట్టేసినవాడేడీ?" అని ఆసుపత్రి వైపు తిరిగి కేకలు పెట్టింది. ఆమె వెనక మిగతా బంధువులూ లేచారు.

బ్రిసేదా సిమెంటు బెంచీ ఎక్కి మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందో! బస్సు దిగినవాళ్లు దిగినట్టే నిలబడిపోయారు. కింద నయేలికి మళ్లీ మంట మొదలైంది. ఇక్కడ కూడా ఇదేనా? బెంచీ ఎక్కి పక్కన నిలబడి, గొంతు చించుకుని అరిచింది. "చార్టులో లేని గంట ఒక్కటి కూడా చెయ్యం!" జనం అందుకున్నారు. బ్రిసేదా మోచేత్తో పొడిచి ఇంకా గట్టిగా అరిచింది.

పోలీసు వ్యాను వచ్చి ఆగింది. సార్జెంటు లాఠీతో బెంచీని తట్టాడు. "దిగండి. దీన్ని మొదలుపెట్టిందెవరు?"

"నేను," అంది బ్రిసేదా.

"అబద్ధం," అంది నయేలి. "నేను. ఈమె తర్వాత వచ్చింది."

"ఇద్దరూ కాదు సార్, నేను," ఫిదెన్సియో ముందుకు తోసుకొచ్చాడు. వాడి భుజం పట్టి లాగి గిల్దార్దో వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు. "సీనియర్ని నేనుండగా నువ్వెవడివిరా?"

వ్యానులో ఎనిమిది మందికే చోటుంది. చోటు దొరకనివాళ్లు తోమాసాతోపాటు దాని చక్రాల ముందు కూర్చున్నారు.