మొండిదని పేరు పడ్డ కత్తి

నేను ఒక కత్తిని. కత్తి అనగానే మీకు వంటింటి కత్తో, కసాయివాడి కత్తో గుర్తుకొస్తుంది. కొంచెం ఆగండి, నేను ఆ జాతి కాదు. ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు. మేక మెడ మీద పడలేదు. ఎవడి పగా తీర్చలేదు. ఆసుపత్రుల్లో జబ్బేమిటో తేల్చడానికి మనిషి ఒంట్లోంచి తీసిన గోరంత ముక్కని మైనంలో పెట్టి దిమ్మ కట్టాక, దాన్ని వెంట్రుక కంటే పల్చగా పొరలు పొరలుగా కోసే ఉక్కు కత్తిని. జానెడు పొడుగు, మంచి బరువు. చూస్తే గడ్డి కోయడానికైనా పనికొస్తానా అనిపిస్తాను. నా అంచు సంగతంటారా, నా గొప్ప నేను చెప్పుకోకూడదు. అయినా చెప్పుకుంటాను. నా గురించి మంచి చెప్పేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు మరి.

ఎక్కడో చలిదేశంలో పుట్టాను. ఒక దొరసాని డాక్టరమ్మ పెట్టెలో, నూనెగుడ్డ చుట్టుకుని, ఓడెక్కి కోనసీమ వచ్చాను. కాలవగట్టు మీద మిషన్ ఆసుపత్రి. గోడ గోడకీ బైబిలు వాక్యాలు రాసి ఉండేవి. డాక్టరమ్మ ఊళ్ళో అందరినీ అన్నయ్యా, చెల్లెమ్మా అని పిలిచేది గానీ నన్ను మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మనుషుల ప్రేమకి కూడా ఎక్కడో ఒక తాళం కప్ప ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ వెళ్ళిపోయాక దేవసహాయం మాస్టారి చేతికొచ్చాను. ఆయన మాట పొదుపు మనిషి. రోజూ పొద్దున్నే మంగలి లాగా నన్ను తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగి, వెలుగులో అంచు చూసుకుని, 'ఊఁ' అనేవాడు. ఆ ఒక్క 'ఊఁ' కోసం నేను రోజంతా పనిచేసేదాన్ని.

ఆయన రిటైరయ్యే ముందు నన్నొక పిల్ల చేతిలో పెట్టాడు. ఆ పిల్లే హెప్సిబా. లంకల్లో ఏదో పేటలో చర్చి ఉపదేశి గారి అమ్మాయి. ఆసుపత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్ చదువు చెప్పేవారు. కూతురు ఈ చదువు ముగించి ఉద్యోగంలో కుదురుకుంటే ఇంట్లో పొయ్యి రెండుపూటలా వెలుగుతుందని ఆ తండ్రి ఆశ. పిల్ల మొదటిరోజు మందు వాసనకి బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది. రెండోరోజు ముక్కుకి కొంగు కట్టుకుని వచ్చింది. మూడోరోజు అడిగింది, "మాస్టారూ, ఈ ముక్క ఎవరిదండీ?" అని.

"నంబరుంది చూసుకో. పేరు మనకెందుకు?" అన్నాడు మాస్టారు.

పిల్లకి అది నచ్చలేదు. మనిషి ముక్కని చేతిలో పెట్టి పేరు అడక్కు అంటే ఎలా? రంగు పట్టించిన పొరని మొదటిసారి మైక్రోస్కోపులోంచి చూసినప్పుడు, ఆ గులాబీ రంగులూ ఊదా రంగులూ చూసి, "అబ్బ! ఎంత ముద్దుగా అల్లాడండీ దేవుడు!" అంది. పక్కనే ఉన్న డాక్టర్ జయశీలరావు గారు నవ్వి, "అల్లిక సంగతి దేవుడు చూసుకుంటాడమ్మా, చిరుగెక్కడుందో వెతకడం మన పని," అన్నారు. ఆసుపత్రికీ ల్యాబుకీ ఆయనే పెద్ద. పొద్దున్న ప్రార్థన నడిపించేదీ ఆయనే. ఆయన గొంతు తేనె.

ఆ పిల్లకొక అలవాటు పట్టుకుంది. పల్చటి కోత మొదలుపెట్టే ముందు, నన్ను బిగించిన యంత్రం చక్రం మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ మనిషి ఎవరో నాకు తెలీదు, నీకు తెలుసు. కాపాడు," అనేది. అంతే, ఒక్క మాట. తర్వాత కళ్ళు తెరిచి పనిలోకి దిగేది. నాకు దేవుడితో పరిచయం లేదు గానీ, నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం నాకూ హాయిగా ఉండేది. దొరసాని దగ్గర నేను ఆస్తిని. మాస్టారి దగ్గర పనిముట్టుని. ఈ పిల్ల దగ్గర మొదటిసారి నేనేదో మంచిపనిలో ఉన్నాననిపించింది. తోలుపట్టీ మీద కూడా మాస్టారికేం తీసిపోకుండా నూరేది.

మా పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. నేను కదలను, బిగించి ఉంటాను. చక్రం తిప్పితే మైనపు దిమ్మే కిందికీ పైకీ ఆడుతూ వచ్చి నాకు తగిలి పోతుంది. మొదట పైపై మైనం పోవాలి కాబట్టి పొర మందం చూపించే ముల్లుని పెద్ద అంకె మీద పెట్టి గబగబా చెక్కేస్తారు. లోపలి ముక్క కనబడగానే ముల్లుని బాగా వెనక్కి తిప్పి, అప్పుడు పల్చటి పొరలు తీస్తారు. ముల్లు తిప్పడం మరిచిపోతే నేను ఆగను. ఆగడం నాకు రాదు. మందంగా చెక్కుకుంటూ పోతాను, ఎదురుగా వచ్చేది మైనమైనా, మనిషైనా.

ఒకనాడు వార్డులోకి ముత్యాల్రావనే మనిషి వచ్చాడు. కొబ్బరితోటల్లో కాయలు ఒలిచే కూలీ. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, మూడు జిల్లాల పసర్లూ తాగి, చివరికి పెళ్ళాం పోరు పడలేక వచ్చాడు. పక్కలోంచి సూది పొడిచి కాలేయంలో ముక్క తీయాలన్నారు. వద్దంటే వద్దని మంచం కోడు పట్టుకున్నాడట. చివరికెలాగో తీశారు. దారంత ముక్క. ఆ ముక్క సీసాని వార్డు నుంచి తేవడానికి వెళ్ళింది హెప్సిబాయే. ఆ మనిషి నొప్పితో మెలికలు తిరుగుతూనే ఎగతాళి చేశాడట, "అమ్మాయిగోరూ, నా కార్జం ముక్క జాగర్తండోయ్. ఇంకోటి ఇవ్వను మరి!" అని. పిల్ల నవ్వి, "నా చేతిలో పెట్టారుగా బాబాయ్, నాదే పూచీ," అందట. తిరిగొచ్చి ఇదంతా తోటి పిల్లకి చెబుతుంటే విన్నాను.

ఇన్నాళ్ళూ ఆ పిల్ల నంబర్ల కోసం ప్రార్థన చేసింది. మొదటిసారి ఒక నంబరుకి మొహం వచ్చింది. అదే కొంప ముంచింది.

మర్నాడు దిమ్మ బిగించి పైమైనం చెక్కింది. ముక్క అంచు తెల్లగా కనబడింది. అప్పుడు ముల్లు తిప్పాలి. తిప్పలేదు. చక్రం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ప్రార్థన రోజూ లాగా ఒక్క మాటతో ఆగలేదు. ఆ మనిషి పచ్చటి కళ్ళూ, వార్డు గుమ్మంలో కూర్చున్న పెళ్ళామూ, అన్నీ వచ్చేశాయి కాబోలు. ఒళ్ళు ఊగుతోంది. పెదాలు కదులుతున్నాయి. పనికి అలవాటుపడ్డ ఆ కుడిచెయ్యి కూడా ఆ ఊపుకి చక్రాన్ని తిప్పడం మొదలెట్టింది. ఓసి పిచ్చి పిల్లా, కళ్ళు తెరువే! కత్తికి నోరెక్కడిది? ముక్క నా మీదికి వస్తోంది, నేను చెక్కుతున్నాను. మళ్ళీ వస్తోంది, మళ్ళీ చెక్కుతున్నాను.

'ఆమెన్' అని కళ్ళు తెరిచేసరికి దిమ్మలో ఉత్త మైనం మిగిలింది.

పిల్ల నేల మీద మోకాళ్ళూని, తట్టలో రాలిన చెక్కుల్లో వెతికింది. అందులో ఆ పొద్దుటి నుంచి కోసిన అందరి చెత్తా కలిసిపోయి ఉంది. ఏది ఆయనదో, ఏది ఇంకెవరిదో ఏ దేవుడొచ్చి చెప్పాలి? ఏరలేక, తట్ట ముందే అలాగే కూర్చుండిపోయింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పిల్ల దాచలేదు. డాక్టరు గారు రాగానే ఏడుస్తూ ఎదురెళ్ళింది. "సార్, నేనే పాడుచేశాను. చక్రం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటూ తిప్పేశాను. ముక్కంతా పోయింది సార్."

ఆయన తలుపు దగ్గరికి వేశారు. "ప్రార్థన చేస్తుండగా పోయిందని బయట చెబుతావా తల్లీ? ఆసుపత్రి పేరేం కావాలి? ప్రభువు పేరేం కావాలి?" అన్నారు మెల్లగా. తర్వాత నావైపు చూశారు. "ఈ కత్తి మా చిన్నప్పట్నుంచీ ఉంది. పాతబడింది, మొండిదైంది. ముక్క చితికిపోయింది. మళ్ళీ తీద్దాం. అంతే."

"కత్తి బాగానే ఉంది సార్. పొద్దున్నే నేనే నూరాను."

"హెప్సిబా," అన్నారాయన. ఆ తేనెలో అప్పుడు చిన్న రాయి తగిలింది. "ఈ నెలతో నీ చదువు అయిపోతుంది. ఉద్యోగం ఇక్కడే ఇస్తానని మీ నాన్నగారికి మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోనీ నన్ను."

బాగుంది! దొంగ దొరికాడు. జీతం లేదు, కుటుంబం లేదు, ఎదురు చెప్పే నోరు లేదు. ఇంతకంటే అనువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతాడు? ఎవరికీ దెబ్బ తగలకుండా తప్పుని తీసుకెళ్ళి ఉక్కు నెత్తిన రుద్దేసి, అందరూ మంచివాళ్ళుగానే మిగిలిపోవచ్చు. అయినా నాకు ఆ పిల్ల మీద నమ్మకముంది. నన్ను అనదులే అనుకున్నాను.

కత్తి పాడైంది, మళ్ళీ సూది పొడవాలి అని వార్డులో చెప్పారు. ఆ సాయంత్రమే ముత్యాల్రావు పొట్ట పట్టుకుని, పెళ్ళాం వద్దంటున్నా, నేరుగా ల్యాబులోకి వచ్చేశాడు.

"ఏదండీ ఆ కత్తి? నా కార్జం మింగేసిందంట గదా, ఓసారి దాని మొహం సూసి పోదారని వచ్చాను," అన్నాడు.

డాక్టరు గారు ఏదో సర్దిచెప్పబోయారు. ముత్యాల్రావు వినిపించుకోలేదు. హెప్సిబా వైపు తిరిగాడు.

"అమ్మాయిగోరూ, ఆళ్ళ మాట నాకొద్దు, నువ్వు సెప్పు. నిన్న నీ సేతిలో పెట్టాను గదా. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు సెప్పు. పొరపాటైపోయిందంటే అయిపోయిందను, నేనేం కొరుక్కుతిన్ను. మళ్ళీ పడుకుంటాను, మళ్ళీ పొడుసుకోండి. కానీ కల్లబొల్లి కబుర్లు సెప్పేవోళ్ళకి నా ఒళ్ళు ఇంకోసారి ఇవ్వను."

ఇంత తేలిక బేరం ఎవరైనా ఇస్తారా? ఒక్క నిజం. ఆ పిల్ల చెబితే ఆయన పడుకుంటాడు. ముక్క వస్తుంది. జబ్బేదో తెలుస్తుంది. పిల్ల ఆయన్ని చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరు గారిని చూసింది. నన్ను మాత్రం చూడలేదు.

"కత్తేనండి బాబాయ్. కత్తి మొండిదైపోయింది," అంది.

ముత్యాల్రావు వంగి నా అంచు మీద బొటనవేలు ఆనించాడు. గట్టిగా నొక్కను కూడా లేదు. చర్మం విచ్చుకుని రక్తం ఎర్రగా నా ఒంటి మీదికి జారింది. వెచ్చగా ఉంది. ఎన్ని వేలమంది మనుషుల్ని కోశానో, బతికున్న మనిషి రక్తం నాకు అదే మొదలు. ఆయన ఆ వేలు పైకెత్తి పిల్ల మొహం ముందు పట్టుకున్నాడు.

"మొండిదా, ఇదీ?"

తువ్వాలు వేలికి చుట్టుకున్నాడు. "పదవే," అన్నాడు పెళ్ళాంతో. "డాక్టరు బాబుగోరు మళ్ళీ తీత్తానంటన్నారు గదయ్యా," అని ఆవిడ బతిమాలింది. "పదమంటంటే!" అని ఆయన గుమ్మం దిగిపోయాడు. హెప్సిబా చటుక్కున లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. "కూర్చో అమ్మా, మనం చెప్పాల్సింది చెప్పాం," అన్నారు డాక్టరు గారు. పిల్ల వచ్చి కూర్చుంది.

ఆ ఏటి వానలు తగ్గకముందే ముత్యాల్రావు కబురు తెలిసింది. ఎవరో ఆకుపసరు పోశారట, రక్తం కక్కుకుని కొబ్బరి పీచు కుప్పల పక్కనే పోయాడట. వార్డు ఆయా వచ్చి చెప్పింది. "పాపం. మనం రమ్మన్నాం, ఆయనే రాలేదు," అన్నారు డాక్టరు గారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి! అదీ వాళ్ళ తెలివి. ఆయనకొచ్చింది నయమయ్యే జబ్బో కాదో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. నేను కోస్తాను గానీ కోసినదాంట్లో ఏముందో చూడలేను. కత్తి పాడైందన్నందుకు కాదు నా ఏడుపు. నన్ను సొరుగులో పారేసినందుకూ కాదు. ఆ పిల్ల నోట ఆ మాట వచ్చినందుకు. ఇంకెవరు ఆ మాటన్నా పట్టించుకునేదాన్ని కాదు.

కొత్తగా వాడి పారేసే బ్లేడ్లు తెప్పించారు. హెప్సిబాకి ఉద్యోగమొచ్చింది. పని బాగా చేసేది, ఆ తర్వాత ఒక్క దిమ్మ కూడా పాడుచేయలేదు. చక్రం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకోవడం మాత్రం మానేసింది. సొరుగు సందులోంచి రోజూ చూసేదాన్ని.

ఆసుపత్రికి వందేళ్ళు నిండాయని పండగ చేసినప్పుడు నన్ను తీసి తుడిచి, అద్దాల బీరువాలో, దొరసాని ఫొటో పక్కన దూది మీద పడుకోబెట్టారు. ఇప్పుడు హెప్సిబా మేడమ్ ఏటా కొత్త పిల్లల్ని తీసుకొచ్చి నన్ను చూపిస్తుంది. జుట్టు నెరిసింది. గొంతులో తడబాటు లేదు. "ఈ కత్తి మొండిదైపోవడం వల్ల ఒకసారి ఒక రోగి ముక్కంతా పోయింది. ఆయన మనకి దక్కలేదు. అందుకని ముందు పనిముట్టు సంగతి చూసుకోవాలి," అని చెబుతుంది. పిల్లలు రాసుకుంటారు. ఎన్నిసార్లు చెప్పిందో, తనే నమ్మేసిందేమో అనుకున్నాను.

ఈ ఏడు ఒక చలాకీ పిల్ల బీరువా తలుపు తీసి నా మీదికి చెయ్యి చాపింది. మేడమ్ ఒక్క అంగలో వచ్చి దాని మణికట్టు పట్టేసుకుంది.

"ముట్టుకోకమ్మా! వేలు తెగుతుంది!"

"మొండిదన్నారు కదండీ మేడమ్?" అంది ఆ పిల్ల.

మేడమ్ నావైపు చూసింది. ఆ సాయంత్రం తప్పించిన చూపు, ఇన్నేళ్ళకి. పిల్ల చెయ్యి వదిలి, తలుపు నెమ్మదిగా మూసి, "పదండి, క్లాసుకి వేళైంది," అంది.