టిక్కుమనే కీలు

"సూది వేసెయ్యండి డాక్టరమ్మా. ఇంక చూసేదేముంది?" అన్నాడు గుర్రపుశాల యజమాని.

ముసలి ఆడగుర్రం మూడు కాళ్ల మీద వణుకుతోంది. వెనక ఎడమ కాలు నేలకు ఆననివ్వడం లేదు. శాలలో గుర్రాల్ని చూసుకునే పిచ్చుక అనే అమ్మాయి దాని మెడను గట్టిగా పట్టుకుంది.

"ఆ కీలు మొదట్నుంచీ టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఎప్పటికైనా కూలబడుతుందని నేను చెప్పలా?" అన్నాడు యజమాని.

"మోగిన కీలల్లా చెడ్డదైతే ముందు నాకు వెయ్యాలండీ సూది," అంటూ డాక్టరమ్మ కింద కూర్చుంది. ఆమె మోకాలు టప్పుమంది. "నొప్పీ వాపూ వేడీ లేకుండా మోగితే మోగనివ్వాలి. కుంటితేనే కంగారు పడాలి. ఇంతకు ముందు ఇదెప్పుడైనా కుంటిందా?"

"ఒక్కనాడూ లేదు," అంది పిచ్చుక.

ఆ చప్పుడును బట్టే దానికి గడియారం అని పేరు. చిన్నప్పుడు నాన్న దాని మీద ఇంటికొస్తుంటే సందు మలుపులోనే టిక్కు టిక్కు వినిపించేది. అమ్మ కాఫీకి నీళ్లు పెట్టేది. పిచ్చుక ఆట వదిలేసి పుస్తకం ముందేసుకునేది. "అబ్బో, గడియారం మోగగానే చదువు ముంచుకొచ్చిందే!" అని నాన్న నవ్వేవాడు. ఇప్పుడు అమ్మ లేదు. ఆ సందులో గుర్రాలూ లేవు. మిగిలింది ఆ చప్పుడొక్కటే. నిన్నటి నుంచి అదీ లేదు.

నాన్న తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు ఈ శాలలో గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టింది ఆయనే. చూపు మందగించాక యజమాని గట్టిగా చెప్పేశాడు: "మళ్లీ సుత్తి ముట్టుకున్నావో, గేటు లోపల అడుగు పెట్టనివ్వను." అప్పట్నుంచీ రోజూ సాయంత్రం వచ్చి, గడియారాన్ని నాలుగడుగులు నడిపించి, ఆ చప్పుడు విని వెళ్తాడు. ఆయనకు మిగిలిన సరదా అదే.

డాక్టరమ్మ చెయ్యి కీలు మీద ఆగింది. "చల్లగా ఉంది. వాపు లేదు." చెయ్యి కిందికి జారింది. "గిట్ట మాత్రం కాలిపోతోంది!"

పట్టకారుతో గిట్ట అంచంతా నొక్కుతూ వచ్చింది. ఒక మేకు దగ్గర గుర్రం చటుక్కున కాలు లాక్కుంది. గిట్ట పక్కనుంచి బయటికొచ్చి మడిచి ఉన్న కొస విప్పి ఆ మేకు పీకగానే నల్లటి చీము చుక్క కట్టింది.

"పాపం, కీలు ఏ తప్పూ చెయ్యలేదు. మేకు లోపలి కండలోకి దిగింది."

"లాడాలు కొట్టించి నెల దాటిందే!" అన్నాడు యజమాని.

"నెల నుంచీ లోలోపల ఒత్తుతుంటే చీము ఎముకదాకా పోయుంటుంది. అప్పుడు మీరన్న సూదే. ఎక్స్‌రే కోసం బండిలో తీసుకెళ్దామన్నా ఇది అంత దూరం నిలబడలేదు. నిన్నో మొన్నో దిగిందైతే గాయం కడిగి బతికించుకోవచ్చు. తేల్చి చెప్పండి, ఎప్పుడు కొట్టారు?"

పిచ్చుక కళ్లు కిందపడ్డ మేకు మీదున్నాయి. మిగతా మేకుల కొసలన్నీ తిన్నగా కిందికి మడిచి ఉన్నాయి. దీని కొస మాత్రం విప్పినా ఎడమకే తిరిగి ఉంది. అలా మడిచే ఎడమచేతివాటం ఈ శాలలో ఒక్కరిదే.

మొన్న సాయంత్రం నాన్న అన్న మాట గుర్తొచ్చింది. "దీని నడకలో రెండో చప్పుడేదో వస్తోందమ్మా. లాడం వదులైనట్టుంది." "రేపు చూద్దాంలే నాన్నా," అని తను గడ్డి తేవడానికి వెళ్లిపోయింది.

తలెత్తి చూసింది. ఆయన ముఖం పాలిపోయింది. చూపు గేటు వైపు వెళ్లి, తిరిగి గుర్రం మీదికొచ్చింది.

"ఎవరికీ తెలీదు. వెయ్యండి సూది," అన్నాడు యజమాని.

గడియారం వెచ్చటి ఊపిరి పిచ్చుక అరచేతిలో పడింది.

"ఆగండి! అది మొన్న సాయంత్రం దిగిన మేకు," అంది పిచ్చుక. "కొట్టింది మా నాన్న."