నాలుగు రోజుల ఆకలి

ఆగస్టులో, భూగోళపు దక్షిణ కొసనున్న సౌత్‌లాండ్ ఆవులు వరసపెట్టి ఈనుతాయి. బెవన్ డెయిరీ ఫారంలో ఆ ఏడాది దూడలను సాకే పని నెనీతాది. ఐదు నెలల కూతురికి పాలు మాన్పించి, తన దేశంలోని సొంతూరు ఇలోయిలోలో అక్క చేతుల్లో పెట్టి, పనికోసం ఇక్కడికి వచ్చి ఆమెకు రెండేళ్లు కావస్తోంది. వచ్చిన కొత్తలో చనుబాలు ఆగక చొక్కా తడిసిపోతుంటే, స్నానాలగదిలో పిండి పారబోసుకున్న మనిషి.

ఆమె పెయ్యదూడలకు గోరువెచ్చని ముర్రుపాలు రెండు పూటలా పట్టేది. పక్క దడిలోని కోడెదూడలకు మాత్రం ఒక్కపూట, అదీ చల్లారి మిగిలినవి. మగవి పాలివ్వవు కాబట్టి నాలుగో రోజున ఎలాగూ లారీ వచ్చి వాటిని కబేళాకు తీసుకుపోతుంది. అక్కడ ఎవరికీ అది తప్పుగా తోచలేదు. పొదుపు అనే అనుకున్నారు.

ఒక ఉదయం, వానలో పుట్టిన కోడెదూడ ఒకటి కమ్మీల సందులోంచి ఆమె వేళ్లు అందుకుని చప్పరించింది. లాగినా వదల్లేదు. నెనీతా సీసా నిండా ముర్రుపాలు నింపింది.

అప్పుడే బెవన్ వచ్చాడు. "అది ఎల్లుండి పోయేదే కదా నెనీతా. దానికెందుకు అవి?"

"పోయేది ఎల్లుండి, బాస్. ఆకలి ఇవాళే వేస్తోందిగా."

"ఈ పనిలో మనసు పెట్టుకుంటే కష్టం."

"మా పాప ఏ పూట ఏడ్చిందో, ఎవరు పాలు పట్టారో నాకు తెలీదు బాస్. ఇది నా కళ్లముందే ఏడుస్తోంది."

బకెట్లు కడుగుతున్న బెవన్ తల్లి నోయెలిన్ నడుం నిమురుకుంటూ లేచింది. నలభై ఏళ్లు ఆ కొట్టంలో దూడలను సాకిన మనిషి ఆమె.

"మీ నాన్నా ఇదే అనేవాడురా. నేనూ సరేనని ఊరుకున్నాను. అరుపులు వినపడకుండా రేడియో పెట్టుకునేదాన్ని. తొలిరోజు ముర్రుపాలే దూడకు కాపుదల. అవి తాగకపోతే పారుడు జబ్బుతో నీరసించి, నిలబడలేక లారీ ఎక్కుతుంది. అలా ఎన్నిటిని ఎక్కించానో."

బెవన్ ముర్రుపాల డబ్బా మూత తీసి చూశాడు. "అన్నిటికీ సరిపోతాయా?"

"సరిపోకేం?" అంది నోయెలిన్. "ముర్రుపాలు ఎలాగూ అమ్మే పాల ట్యాంకులో పొయ్యం కదా."

ఆ రోజు నుంచి రెండు దడులకూ ఒకటే పాలు, రెండు పూటలా. లారీ రావడం మాత్రం ఆగలేదు. కోడెదూడ కడుపు నిండి, తన కాళ్ల మీద తానే నడిచి ఎక్కింది. లారీ మలుపు తిరిగేదాకా నెనీతా గేటు దగ్గరే నిలబడింది.

సాయంత్రం ఫోన్లో అక్క పాపకు జావ తినిపిస్తూ కనబడింది. పాప తెరవైపు చూసి, "ఎవరు పెద్దమ్మా?" అంది.

నెనీతా ఫోను దగ్గరికి జరుపుకుంది. "కడుపు నిండా తింటోందా అక్కా?"

"రెండో గిన్నె చెల్లీ ఇది."

పాప మూతి తుడిపించుకుని తెర దాటి పోయేదాకా నెనీతా చూస్తూ కూర్చుంది. ఆ బిడ్డ కడుపు నింపుతున్నది తాను కాదు, కానీ నింపుతున్న చెయ్యి ఒకటుంది. ఏ ప్రాణికైనా కావలసింది అదే. ఎన్నాళ్లు ఉంటుందో చూసి కాదు పాలు పొయ్యడం. మన చేతిలో ఉన్నన్నాళ్లూ దాని ఆకలి మనదే.