సీటు కోడి

ఉయ్యూరుకు మూడు మైళ్ళ అవతల ఉన్న ఆ పల్లెలో ఒక పుంజును అందరూ సీటు కోడి అనేవారు. పుంజులకు డేగ అనో కాకి అనో రంగును బట్టి పేర్లుంటాయి గాని, చదువును బట్టి పేరొచ్చిన పుంజు కృష్ణాజిల్లా మొత్తమ్మీద అదొక్కటే అయ్యుంటుంది. తెల్లారగట్ల ఇశ్రాయేలు దొడ్లో అది గొంతెత్తినప్పుడల్లా పక్కింట్లో హన్నా దుప్పటి ముఖమ్మీదికి లాక్కునేది. ఆ పేరు తెచ్చిన కాలేజీ సీటు అసలు రాలేదని ఊళ్ళో తెలిసింది హన్నా ఒక్కదానికే.

హన్నా నాన్న అబ్రహాము చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. చిన్నప్పుడు హన్నా అన్నం క్యారేజీ పట్టుకుపోయి, కాటా దగ్గర బారులు తీరిన బళ్ళ మధ్య నాన్న పక్కన కూర్చునేది. "మన వంతు ఎప్పటికొస్తదే?" అని అడిగితే బారు వైపు ఒకసారి చూసి, "రెండు గంటల పది నిమిషాలు" అనేది. సరిగ్గా అప్పటికే వచ్చేది. ఎట్టా చెప్పావని ఎవరూ అడగలేదు. మబ్బు చూసి వాన చెప్పే ముసలమ్మను మాత్రం ఎవరడిగారు?

అదే ఆ పిల్ల కొంప ముంచింది. బెజవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన రెండేళ్ళూ లెక్క అడిగితే జవాబు రాసి ఊరుకునేది. "జవాబు కరెక్టే. స్టెప్పులేవమ్మా? ఎవరి దగ్గరో చూసి రాశావనుకుంటారు," అని లెక్చరర్ రామకోటేశ్వరరావు గారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. తలలో ఒక్కసారే కనిపించే దాన్ని ముక్కలు చేసి కాగితం మీద ఎలా పేర్చాలో హన్నాకు తెలియలేదు. చెప్పుకుందామంటే హాస్టల్లో స్నేహితురాళ్ళూ లేరు. గదిలో తక్కిన ముగ్గురూ కలిసి సినిమాకు వెళ్తే తను కిటికీ దగ్గర కూర్చుని ఏలూరు కాలవలో పోయే పడవల్ని చూసేది. ఆ రెండేళ్ళలో తను ఎక్కువ మాట్లాడింది ఆ కిటికీతోనే.

డెబ్బై నాలుగు వేసవిలో మద్రాసులోని ఒక పెద్ద కాలేజీ వాళ్ళు బెజవాడలో ప్రవేశ పరీక్ష పెట్టారు. నాలుగు జవాబులిస్తారు, సరైన దానికి టిక్కు పెట్టాలి. స్టెప్పులు అక్కర్లేదు. హన్నా సగం టైములో ముగించి, మిగతా సగం తక్కినవాళ్ళ వీపులు చూస్తూ కూర్చుంది. నెల తిరక్కుండా ఇంటర్ ఫలితాలొచ్చాయి: థర్డ్ క్లాసు, నూటికి నలభై నాలుగు. ఆ మర్నాడే మద్రాసు ఉత్తరం కూడా వచ్చింది.

"ఏమని రాశారే?" అన్నాడు అబ్రహాము.

"పరీక్షలో నాలుగో నంబరు వచ్చింది నాన్నా. మార్కుల కాగితం తీసుకుని ఇంటర్వ్యూకి రమ్మన్నారు."

రెండో మాట ఆయన చెవికెక్కలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నంబరు చీటీ ఇస్తారు. చీటీ చేతికొచ్చిన బండి కాటా ఎక్కకుండా వెనక్కి రావడం అబ్రహాము తన ముప్పై ఏళ్ళ చాకిరీలో చూడలేదు. మూడు బళ్ళ తర్వాత నాలుగో బండి, అంతే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద అబ్రహాము లేచి, కూతురికి సీటొచ్చిందని సాక్ష్యం చెప్పి, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పుంజును కృతజ్ఞతార్పణగా ఇచ్చాడు. ఆరాధనయ్యాక గుడి అరుగు మీద వేలం వేస్తే ఇశ్రాయేలు పాడుకున్నాడు. చదువుల కోడిని కోసుకు తింటే పాపమని దొడ్లో వదిలాడు.

అప్పుడే చెప్పాల్సింది. హన్నాకు నోరు రాలేదు. పైగా, ఏమో, నాన్న అన్నట్టు నంబరంటే చీటీయేనేమో అని లోపల ఒక మూల ఆశ.

ఇంటర్వ్యూ రోజు మద్రాసులో నాన్న బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపల ముగ్గురున్నారు. వారిలో తలపండినాయన తెలుగువాడే. "నూట ఇరవై మంది టెన్నిస్ పోటీకొచ్చారు. ఓడినవాడు ఇంటికి పోవాల్సిందే. ఒక్కడు మిగిలేదాకా ఎన్ని ఆటలు జరుగుతాయమ్మా?" అన్నారాయన.

"నూట పందొమ్మిదండీ."

"ఎలా?"

ఆ మాట హన్నాను మొట్టమొదటిసారి నిలదీసింది. తడబడింది, తర్వాత చెప్పింది. ఆయన పకపకా నవ్వి పక్కవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పి మరో లెక్క అడిగారు. దానికీ ఎలా అన్నారు. ఆ కాసేపూ ప్రపంచంలో తనలాంటి మనిషి ఇంకొకరున్నారని హన్నాకు అనిపించింది. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ ఎరగదు. అప్పుడు రెండో ఆయన మార్కుల కాగితం ముందుకు జరిపాడు. తలపండినాయన చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యాభై లేకపోతే తీసుకోకూడదని రూలుందమ్మా. నా చేతిలో లేదు," అన్నారు.

బయటికొస్తే నాన్న లేచి నిలబడి, "అయిందా?" అన్నాడు.

"అయింది నాన్నా." జవాబే చెప్పింది గాని స్టెప్పులు చెప్పలేదు.

ఆయన బెజవాడలో రైలు దిగీ దిగగానే బీసెంటు రోడ్డుకు తీసుకెళ్ళి మద్రాసు చదువుకని రేకు పెట్టె కొన్నాడు. మూడు ఆదివారాలు గడిచాయి. సీటు ఇవ్వలేమన్న ఉత్తరం వచ్చి ఆ పెట్టెలోనే బట్టల అడుగున చేరింది. యేసును ఎరగనని పేతురు బొంకినప్పుడు కోడి రెండుసార్లే కూసిందట. హన్నాకు రోజూ కూసేది.

నాలుగో ఆదివారం పాస్టరు సంజీవరావు గారు, "హన్నమ్మా, వచ్చే వారం కాలేజీకి పోతున్నావు గదా. లేచి నీ సాక్ష్యం చెప్పమ్మా," అన్నారు.

హన్నా లేచింది. "నాకు సీటు రాలేదండీ."

చాపల మీద ఆడవాళ్ళు విసనకర్రలు ఆపేశారు. "ఎందుకని తల్లీ?" అన్నారు పాస్టరు గారు మెల్లిగా.

ఇక మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. కాగితం మీద స్టెప్పులు రాయకపోవడం, నలభై నాలుగు, రూలు, పెట్టెలో ఉత్తరం, ఒక్కటీ దాటెయ్యకుండా వరసగా చెప్పింది. "నంబరు వేరు, సీటు వేరు. మా నాన్నకి నేను సరిగ్గా చెప్పలేదు. తప్పు నాదే," అని కూర్చుంది. మగవాళ్ళ వైపు తలెత్తి చూడలేదు. గుడి నిండా మనుషులే, ఆ చాప మీద మాత్రం తనొక్కతే ఉన్నట్టుంది.

మధ్యాహ్నం ఇశ్రాయేలు పుంజును చంకన పెట్టుకుని వచ్చాడు. "తీసుకో అన్నా. ఏ సీటుకని ఇచ్చావో ఆ సీటే లేకపాయె. మా దొడ్లో ఉంటే పిల్లకి కష్టంగా ఉంటది."

అబ్రహాము మంచం మీంచి లేవలేదు. "సీటుకని ఎవడిచ్చాడ్రా? నాలుగో నంబరుకిచ్చాను. ఏమే, నంబరు వచ్చిందా లేదా?"

"వచ్చింది నాన్నా."

"మరింకేం. అర్పించింది వెనక్కి పుచ్చుకోకూడదు. పట్టుకుపో."

అది అబద్ధమని హన్నాకు తెలుసు, ఇశ్రాయేలుకూ తెలుసు. సంఘపెద్ద ఆదివారం పూట ఆడిన అబద్ధం అదొక్కటే. ఇశ్రాయేలు కోడితో వెళ్ళిపోయాడు. మంచం కింద రేకు పెట్టె కొత్తగా మెరుస్తోంది.

"ఆ మద్రాసాయన అడిగిన లెక్కేందే?" అన్నాడు అబ్రహాము చివరికి.

"నూట ఇరవై పుంజులనుకో నాన్నా. ఓడింది మళ్ళీ బరిలోకి రాదు. ఒక్కటి మిగలాలంటే ఎన్ని పందేలు పడాలి? నూట పందొమ్మిదన్నాను."

"ఎట్టా?"

ఊళ్ళో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. హన్నా మంచం దగ్గరికి జరిగింది. "పందేనికొకటి ఓడుద్ది. ఒక్కటి తప్ప అన్నీ ఓడాల్సిందే గదా."

అబ్రహాము వేళ్ళు ముడిచి, విప్పి, ఇశ్రాయేలు దొడ్డి వైపు చూస్తూ ఆలోచించాడు.

"అయితే ఓడినయ్యే ఎక్కువన్నమాట," అన్నాడు.

"అవును నాన్నా," అంది హన్నా.