షేక్‌హ్యాండ్ మాస్టారు

"ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఆఁ, ఇప్పుడు చెయ్యి చాపు. నవ్వాలమ్మా, నవ్వాలి!"

ప్రార్థన వేదిక మీద ఇద్దరు ఆడపిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, అసిస్టెంట్ హెడ్‌మాస్టరు పెళ్ళి ఫొటోగ్రాఫరులా వెనక్కి జరిగి చూసుకున్నాడు. కింద బడి మొత్తం వరసల్లో నిలబడి ఉంది. ఎడమవైపు పిల్లకు పెదవి చిట్లి నెత్తురు నల్లగా గడ్డకట్టింది. కుడివైపు పిల్ల తొమ్మిదో తరగతి లీడరు. ఆ పెదవి చిట్లగొట్టింది ఈవిడగారే. దెబ్బలు తిన్నవాళ్ళే ముందుగా చెయ్యి చాపాలన్నది మాస్టారి నియమం. పెద్దమనసు అలవడుతుందట! పిల్ల చెయ్యి చాపింది. లీడరు ఆ చేతిని అందుకుని, వేళ్ళు నలిగిపోయేలా నొక్కి, ముద్దుగా నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

పిల్లలు ఆయన్ను షేక్‌హ్యాండ్ మాస్టారంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ముచ్చటపడతాడు కూడా. బడిలో కొట్లాటలు లేకుండా చూడటం ఆయన బాధ్యత. ప్రార్థన కాగానే గదిలోకి వెళ్ళి ఫిర్యాదుల పెట్టె తెరుస్తాడు. ఖాళీగా ఉంటుంది. "చూశారా, పిల్లల్లో ఎంత మార్పో!" అంటూ గదిలోకి వచ్చినవాళ్ళందరికీ ఆ పెట్టెను బోర్లించి మరీ చూపిస్తాడు. ఫిర్యాదు చేసిందెవరో వేదికెక్కించి బడి మొత్తానికీ చూపిస్తున్నది తానేనని, ఆ తర్వాత వాళ్ళకు రెండో విడత పడుతుందని, అందుకే ఎవరూ నోరు విప్పడం లేదని ఆ మహానుభావుడికి తట్టలేదు. తట్టనివ్వలేదనడమే న్యాయం. ఆయన బుర్ర అంత మందమైనదేం కాదు.

మనిషి చూడటానికి శుభ్రంగానే ఉంటాడు. నలగని చొక్కా, నున్నటి గడ్డం, ముక్కు మీద దళసరి అద్దాల కళ్ళజోడు. వరండాలో మాత్రం గోడకు రాసుకుంటున్నట్టు నడుస్తాడు. మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మైదానంలో ఇద్దరు పెద్ద పిల్లలు కొట్టుకుంటుంటే విడదీయడానికి మధ్యలో దూరాడు. ఎవడి చెయ్యో ఛెళ్ళుమని తగిలి కళ్ళజోడు ఎగిరిపడింది. దాన్ని తడుముకుంటూ ఆయన నేలమీద పాకుతుంటే చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వారు. ఆనాడు గోడవారకు జరిగినవాడు మళ్ళీ మధ్యకు రాలేదు. ఇంతవరకైతే ఎవరైనా జాలిపడతారు. కానీ ఆ నవ్వుకు ఇన్నేళ్ళుగా దెబ్బలు తింటున్నది వేరే పిల్లలు.

పెట్టె మూసి తాళం వేస్తుండగా పెదవి చిట్లిన పిల్ల తాలూకు పిన్ని వచ్చింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. డ్యూటీ చీర మీదే పరుగున వచ్చినట్టుంది, మెడ దగ్గర చెమట కారుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, దానికి షేక్‌హ్యాండులొద్దు. భోజనాల బెల్లు కొట్టగానే వెనక మెట్ల దగ్గర పట్టుకుని కొడుతున్నారంట. అక్కడ ఒక పెద్దమనిషి నిలబడితే చాలు."

"చిన్నపిల్లల గొడవలమ్మా ఇవి. రెండువైపులా..."

"మా అక్క దీన్ని బడి మానిపించి తనతో ప్యాకింగ్ పనికి తీసుకుపోతానంటోంది. ఇవాళొక్కరోజు చూద్దామే అని కాళ్ళావేళ్ళా పడి పంపించాను. ఇవాళ మళ్ళీ దెబ్బ తగిలిందంటే ఇక నా మాట వినదు సార్."

"నేనుండగా మీకెందుకమ్మా భయం? నేనే వెళ్ళి నిలబడతాను."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆయన ఆ దణ్ణాన్ని మొహమాటం లేకుండా పుచ్చుకున్నాడు.

భోజనాల బెల్లు కొట్టారు. మాస్టారు లేచాడు, చొక్కా సర్దుకున్నాడు, నిజంగానే బయల్దేరాడు. వరండా చివరిదాకా వెళ్ళాడు. మలుపు తిరిగితే వెనక మెట్లే. అటునుంచి బెంచీ ఈడ్చిన చప్పుడు, నోరు నొక్కేసిన ఏడుపు, దాని వెంట కిలకిలమని నవ్వులు వినిపించాయి. మెడ సాచి ఒక్కసారి అటు చూశాడు. చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోయింది. "అరె, హెడ్‌మాస్టరుగారు రమ్మన్నారు కదూ!" అని పైకే అనుకున్నాడు. హెడ్‌మాస్టరు ఆరోజు సెలవులో ఉన్నాడు. గదికి తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేసుకుని, చల్లారిన టీ తాగాడు. ఛీ! ఇంత పిరికితనానికి పేరూ హోదా కుర్చీ!

భోజనాలయ్యాక పిన్ని మళ్ళీ వచ్చింది. ఎవరో ఫోన్ చేశారట. పక్కనే పిల్ల. గౌను చెయ్యి భుజం దాకా చిరిగిపోయి ఉంది, చెవి వెనక నుంచి సన్నగా నెత్తురు కారుతోంది.

"నిలబడతానన్నారు కద సార్."

"అర్జెంటు పని తగిలిందమ్మా. ఏం పర్వాలేదు, రేపు ప్రార్థనలో ఇద్దర్నీ పిలిచి..."

పిల్ల తలెత్తింది. పొద్దుటినుంచీ ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు.

"మీరు మలుపుదాకా వచ్చారు సార్. నేను చూశాను."

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందేమోనని ఆయన వెనక్కి జరిగాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టినా దండగేననుకున్నట్టు, కొంగుతో పిల్ల చెవి అదిమిపట్టి, "పద తల్లీ" అంది. ఇద్దరూ మైదానం దాటి, గేటు దాటి వెళ్ళిపోయారు. తరగతిలో లెక్కల పాఠం సాగుతోంది. ఆ పిల్ల పక్కన కూర్చునే అమ్మాయి తన సంచీ తీసి ఖాళీ అయిన చోట పెట్టుకుంది.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక మాస్టారు వెనక మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ లేనిచోట ధైర్యానికేం కొదవ? రేపెవరైనా అడిగితే స్వయంగా వెళ్ళి చూశానని చెప్పుకోవచ్చు. మెట్లకింద విరిగిన బెంచీల గుట్ట ఉంది. ఒక బెంచీ పక్కకు లాగేసి ఉంది. దాని వెనక ఒక్క మనిషి ముడుచుకు కూర్చునేంత సందు. వంగి చూశాడు. నేలమీద పరిచిన అట్టముక్క కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడింది. ఆ పిల్ల రోజూ ఇక్కడే దాక్కుని తినేదన్నమాట. ఆయనకు అర్థమైంది. అర్థమైనా చేసేదేముంది, గేటు ఎప్పుడో దాటిపోయింది.

అట్టముక్క మీద మూత తీసిన టిఫిన్ డబ్బా ఉంది. అందులో ఒక మూల ఒక్క చెంచాడు అన్నం తీసిన ఆనవాలు, చెంచాలో ఆ అన్నం అలాగే ఉంది.